అరవై నాలుగు కాయల బరువు

మా ఇంటి మగవాళ్ళు ఊళ్ళో కాలినడకన తిరగరు. నాకు నడక వచ్చిన కొత్తలోనే మా మేనత్త ఈ సంగతి చెప్పిందట. తాతగారికి పల్లకీ ఉండేది. నాన్నగారి కాలానికి పల్లకీ పోయి రెండు గుర్రాలు మిగిలాయి. నా కాలానికి ఒకటే గుర్రం. టెక్కలి దారిలోని పొలాలు, పలాస పక్కనున్న మామిడితోపులు ఎలా పోయాయో చెప్పడం నాకు ఇష్టం లేదు, అడగడం మర్యాద కూడా కాదు. ఉద్దానంలో సముద్రానికి కోసెడు దూరాన ఒక పెంకుటిల్లు, దాని వెనక కొద్దిపాటి కొబ్బరితోట, తోట పక్కన గుర్రపుసాల మిగిలాయి. ఇంట్లో నేనూ, చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మేనత్తా. నేను చెప్పబోయే ఏడాదికి నాకు ముప్పై అయిదేళ్ళు, ఆవిడకు డెబ్బై. నాకు పెళ్ళి కాలేదు. మా అంతస్తుకు తగిన సంబంధం వచ్చేది కాదు, వచ్చినవాళ్ళకు మా అంతస్తు కనిపించేది కాదు.

గుర్రాన్ని అట్టేపెట్టుకున్నది స్వారీ సరదాకు కాదు. ఏటా వైశాఖంలో మా ఊరి అమ్మవారి సంబరం జరుగుతుంది. ఆ రోజు తాతగారి కత్తి ముందుండగా మా ఇంటి వారసుడు గుర్రమెక్కి కదిలితేనే వెనక ఘటాలు కదులుతాయి. మా గడప దగ్గర ఎక్కినవాడు సముద్రపొడ్డున అమ్మవారి గుడి ముందే దిగాలి. మధ్యలో కాలు నేలకు తగలకూడదు. తగిలినా, మా గుర్రం రాకపోయినా, గుర్రమున్న మరొక ఇంటివాళ్ళు ముందుకు వస్తారు. ఒకసారి చెయ్యి మారితే ఆ హక్కు మళ్ళీ తిరిగి రాదు. అన్నీ పోయాక మాకు మిగిలిన ఒక్క హక్కు అదే.

గుర్రమున్న మరొక ఇల్లు ఆ ఏడాదే తయారైంది. మా మేనమామ కొడుకు పూండి స్టేషను దగ్గర కొబ్బరికాయల వ్యాపారం పెట్టి బాగుపడ్డాడు. బాగుపడి ఊరుకోక ఒక తట్టును, అంటే పొట్టిజాతి గుర్రాన్ని, కొని తెచ్చాడు.

"ఊరికే సరదాకి కొన్నాను బావా," అన్నాడు.

సరదాకు గుర్రం కొన్నవాణ్ణి నేను అంతకు ముందు చూడలేదు.

ఆ శ్రావణంలో పూండి నుంచి వస్తుంటే మా గుర్రం వెనక కుడికాలు ఒక గోతిలో పడింది. కొబ్బరిమొక్క నాటడానికి తవ్వి, ఎండిన మట్టలు పైన కప్పి వదిలేసిన గొయ్యి. నేను ఇసకలో పడ్డాను గనుక నాకేమీ కాలేదు. గుర్రం మడమ కీలు మాత్రం గుమ్మడికాయలా వాచింది. టెక్కలి నుంచి పశువుల డాక్టరును పిలిపించాను. ఆయన కాలంతా తడిమి, ఎముక విరగలేదని, నరం సాగిందని చెప్పాడు. గుర్రాన్ని పట్టీతో పైకి కట్టి ఇరవై రోజులు ఆ కాలి మీద బరువు పడనీయవద్దన్నాడు. తరవాత దించి మెల్లగా నడిపించమన్నాడు. ఆయన చెప్పినది చక్కగా, స్పష్టంగా చెప్పాడు. తప్పంతా మాదే.

బారువ నుంచి వల అల్లేవాళ్ళను రప్పించి కొబ్బరిపీచు తాడుతో వెడల్పాటి పట్టీ అల్లించాం. దాన్ని గుర్రం పొట్ట కిందనుంచి తీసి సాల దూలానికి కట్టి పైకి లాగాం. గిట్టలు నేలను తాకీ తాకనట్టు ఉండేవి. చూడడానికి ఉయ్యాలలో కూర్చున్నట్టే ఉండేది. అత్త దాని మెడకు ఒక పూసల దండ కూడా వేసింది.

ఇరవై రోజులయ్యాయి. వాపు తీసింది. దించుదామన్నాను.

"ఇరవై రోజులు మామూలు గుర్రాలకిరా అబ్బాయ్," అంది అత్త. "జట్కాబండి గుర్రానికీ మన గుర్రానికీ ఒకటే లెక్కేటి? సుఖంగా ఉన్నాది, ఉండనీ."

నాకూ ఆ మాట సబబుగానే తోచింది. మా ఇంట్లో ఎవరికి సుస్తీ చేసినా మామూలు మనుషుల కంటె ఎక్కువ రోజులు పడుకోవడం ఆనవాయితీ. పడక ఎంత కాలమైతే మనిషి అంత పెద్దవాడన్నమాట. అలా భాద్రపదం గడిచింది, ఆశ్వయుజం గడిచింది. గుర్రం గాలిలో వేలాడుతూ ఉలవలు తిని పొట్ట పెంచింది. గుర్రపువాణ్ణి మానిపించి చాలా ఏళ్ళయింది గనుక ఆ ఉలవలు నేనే పెట్టేవాణ్ణి, సాల తలుపు లోపలి నుంచి గడియ వేసుకుని. ఎక్కి తిరగడానికి గుర్రం లేదు గనుక నేను కూడా ఆ మూడు నెలలూ, ఉలవలు పెట్టే వేళ తప్ప, వరండాలో వాలుకుర్చీ దిగలేదు. నాకూ పొట్ట పెరిగింది. మా ఇద్దరినీ చూసి అత్త ఎంతో సంతోషించేది.

మా ఊరి మీదుగా నెలకొకసారి ఒక ఎముకల వ్యాపారి వచ్చేవాడు. చచ్చిన గొడ్ల ఎముకలు ఊళ్ళ శివార్లలో ఏరి, కావిడి బుట్టల్లో మోసుకుపోయి పూండిలో గూడ్సుబండికి ఎక్కించేవాడు. ఎక్కడో మిల్లులో వాటిని పొడి చేసి ఎరువుగా వాడతారట. మిషను గుడిలో చేరిన మనిషి. ఆదివారం తెల్ల చొక్కా తొడుక్కుని పాటలు పాడేవాడు, మిగతా ఆరు రోజులూ ఎముకలు ఏరేవాడు. మా వీధిలోకి వచ్చినా మా గేటు దాటి లోపలికి వచ్చే అలవాటు ఆ రోజుల్లో అతనికీ లేదు, రమ్మనే అలవాటు మాకూ లేదు.

కార్తీకంలో ఒక ఉదయం అతను గేటు బయట కావిడి దించి, తలుపు తీసి ఉన్న సాల వైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఏం కావాలి?" అన్నాను కుర్చీలోంచే.

"నాకేటీ వద్దు బాబూ. గుర్రాన్ని దించీయండి."

"ఎందుకు?"

"బొమిక ఎల్లిపోతాది."

నాకు ఒళ్ళు మండింది. "బతికున్న గుర్రం ఎముకలకు అప్పుడే బేరం పెట్టుకున్నావా?" అన్నాను.

"అదేటి బాబూ అలాగంటారు? నాకు బేరవే గావాలంటే నోరు మూసుకుని ఉందును గదా! నాకు తూకం గావాల. ఇలాగ ఇంకో మూడు నెల్లు ఏలాడితే తవరి గుర్రం బొమిక బెండుముక్క. ఆ సరుకు నానేటి సేసుకుంటాను?"

పొమ్మన్నాను. పోయాడు. కాని ఆ మాట పోలేదు. ఆ మధ్యాహ్నం సాలలోకి వెళ్ళి గుర్రం వెనక కాళ్ళు రెండూ చేత్తో తడిమి చూశాను. కుడికాలు సన్నబడింది. కండ తగ్గిందనుకున్నాను. అది సరే, దెబ్బ తగలని ఎడమకాలు కూడా ఎందుకు సన్నబడింది?

మరునాడు అతను మళ్ళీ వచ్చాడు. ఈసారి గుడ్డలో రెండు ఎముకలు చుట్టి తెచ్చాడు. గేటు బయట నేల మీద పెట్టి దూరంగా జరిగాడు.

"ఒకటే ఎద్దుయి బాబూ ఇయి. నిమ్మాడ రైతుది. ముందుకాళ్ళు. ఒక కాలు దెబ్బ తిని ఏడాది పాటు మూడుకాళ్ళ మీదనే కుంటింది. ఏది కుంటికాలో పట్టుకుని సూడండి."

ఎముక ముట్టుకోవడమా! మా ఇంట్లో మాంసం తిన్నవాళ్ళు కూడా ఎముకను వేలితో పక్కకు జరిపేవాళ్ళు. వరండా మీంచి అత్త "ఒరే!" అని ఒక్క కేక వేసింది. కాని సంబరం ఇక ఆరు నెలలే ఉంది. ఎదురింటి అరుగు ముందు మా బావ తన తట్టుకు మాలీషు చేయించడం నాకు కనిపిస్తూనే ఉంది. నేను గేటు దాటి, వంగి, రెండు చేతుల్లోకీ రెండు ఎముకలు తీసుకున్నాను.

పొడుగు ఒకటే. బయటికి రూపు కూడా ఇంచుమించు ఒకటే. కాని ఎడమచెయ్యి కిందికి దిగింది, కుడిచెయ్యి పైకి తేలింది. నమ్మలేక చేతులు మార్చి పట్టుకున్నాను. ఈసారి కుడిచెయ్యి దిగింది. రెండింటినీ అతను మధ్యకు కోసి ఉంచాడు. ఒకదాని గోడ ముదురు కొబ్బరిచిప్ప అంత మందం. రెండోదాని గోడ అందులో సగం కూడా లేదు, లోపల డొల్ల.

"బొమిక రాయి గాదు బాబూ," అన్నాడు. "బతికున్నన్నాళ్ళూ అది తన్ను తాను ఓ పక్క ఇప్పుకుంటాది, ఓ పక్క కట్టుకుంటాది. మొయ్యడానికి బరువుంటే కట్టుబడి నడుస్తాది. బరువే నేకపోతే ఏల కట్టాల? ఇప్పుకుంటా పోతాది. తవరి గుర్రం నాలుగు కాళ్ళూ ఇప్పుడదే పన్లో ఉన్నాయి."

"మళ్ళీ కడుతుందా?"

"కడతాది. దూడకయితే దబ్బున కడతాది. ఎదిగిపోయిన జీవానికి నిమ్మళం. పోయినంత జోరుగా రాదు." వరండా వైపు చూపించి, "అమ్మగోరిని సూడండి. ఈ వయసులో రెండు బిందెల నీళ్ళు నూతికాడి నుంచి మోస్తన్నారు. ఆరి బొమికలు సూడకుండానే సెప్తాను, ఇనువు," అన్నాడు.

"ఓరి నీ అసాధ్యం కూలా! నా ఎముకలు కూడా బుట్టలో వేసుకుంటావేట్రా?" అంది అత్త పైనుంచి. కోపంగానే అంది గాని ఆ రోజంతా ఆవిడ నడకలో ఒక ఠీవి కనిపించింది.

నేను స్నానం చేసి వచ్చి గుర్రాన్ని దించాను.

ఆ మొదటి రోజు మరచిపోలేను. గిట్టలు నేలకు ఆనగానే గుర్రం ఒళ్ళంతా వణికింది. నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు జారిపోతాయేమో అనిపించింది. పది అంకెలు లెక్కపెట్టి మళ్ళీ పట్టీలోకి లాగేశాం. మరునాడు ఇరవై. పది రోజులకు గుర్రం దాని కాళ్ళ మీద అది నిలబడి నా వైపు తిరిగి ఉలవలడిగింది. ఆ తరవాత నడిపించాలి. ఎవరు నడిపించాలి? జీతగాడు లేడు, అత్త చేత చేయించలేను. ఒక తెల్లవారుజామున, ఊరు ఇంకా పూర్తిగా లేవకముందు, నేను కళ్ళెం పట్టుకుని గేటు దాటాను. ఇరవై ఏళ్ళ తరవాత మా వీధిలో నా కాళ్ళతో నడిచాను. సముద్రపొడ్డు దాకా వెళ్ళేసరికి ఇద్దరిలో ఎవరు ఎవరిని నడిపిస్తున్నామో తెలియలేదు. గుర్రం రొప్పుతోంది, నేను అంతకంటె ఎక్కువ రొప్పుతున్నాను.

మెత్తటి ఇసకలో కాలు దిగబడుతుందని, అలలు తడిపిన గట్టి ఇసక మీదనే నడిపించమని ఎముకల వ్యాపారి చెప్పాడు. రోజూ నడిచాం. ఒట్టి నడకకు అలవాటు పడ్డాక బరువు ఎక్కించమన్నాడు.

"ఏం బరువు?" అన్నాను.

"తోటలో కాయలున్నాయి గదా బాబూ."

మా ఇంటి గుర్రం మీద కొబ్బరికాయలు! ఆ రాత్రి అన్నం సహించలేదు. ఉదయం లేచి రెండు కాయలు, పీచు తీయనివి, తాడుతో జత కట్టి గుర్రం వీపు మీద ఇటొకటి అటొకటి వేలాడేశాను. గుర్రం ఒకసారి వెనక్కి తిరిగి వాటిని చూసింది. నేను దాని మొహం చూడలేదు.

వారానికి రెండు రెండు చొప్పున, తరవాత నాలుగు నాలుగు చొప్పున పెంచాను. కాయల్ని సముద్రం దాకా మోయించి, అవే కాయల్ని మళ్ళీ ఇంటికి మోయించి తెచ్చేవాణ్ణి. స్టేషనుకు చేరవేస్తే అది వ్యాపారం అవుతుంది, మా ఇంటా వంటా వ్యాపారం లేదు. ఈ తేడా ఊరివాళ్ళకు అర్థం కాలేదు. చేపలు ఎండబెట్టుకునే ఆడవాళ్ళు నన్ను చూసి పనులు ఆపేవారు.

"ఓలమ్మ, బాబుగోరు కాయలకి సముద్రం సూపిత్తన్నారే!"

"నిన్న సూసినాయి గదే?"

"మళ్ళీ సూత్తాయట. కాయలకి తనివి తీరనేదు."

మా బావ అయితే అరుగు దిగి నాకు ఎదురొచ్చాడు. "ఏటి బావా, ఊరికే తిప్పడం ఎందుకు? అటు తిప్పీ బదులు ఇటు పూండి తిప్పితే నా కాయలూ చేరును, నీ గుర్రవూ నడిచును."

"మా గుర్రం మోసేది బరువు, సరుకు కాదు," అన్నాను.

"కాయకి ఆ సంగతి తెలుసా బావా?" అన్నాడు.

నేను వెన్ను నిటారుగా పెట్టి నడిచాను. నిజం చెప్పాలంటే, నడక వల్ల వెన్ను నిటారుగా నిలవడం అప్పటికి సులువైంది కూడా.

మాఘమాసం వచ్చేసరికి గుర్రం కాళ్ళకు కండ పట్టింది. వెనక తొడలు నిండుగా, మెరుస్తూ కనిపించాయి. నాకు ఆశ పుట్టింది. ఇరవై ఆరు కాయల నుంచి ఒక్కసారిగా నలభైకి ఎక్కించాను. ఆ రోజు బాగానే మోసింది. మరునాడు కుడికాలు నేల మీద ఆనించక పైకెత్తి పట్టుకుని నిలబడింది. కీలు కింద ముట్టుకుంటే వేడి.

ఎముకల వ్యాపారికి కబురు పెట్టాను. అతను వచ్చి, అలవాటు కొద్దీ గేటు బయట ఆగాడు. లోపలికి రమ్మన్నాను. సాలలోకి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని కాలు తడిమాడు. నా ముందు అంతవరకు ఎప్పుడూ గొంతు పెంచని మనిషి అప్పుడు పెంచాడు.

"ఎవులు సెప్పినారు బాబూ నలభై ఎయ్యమని? కండని సూసి మోసపోనారు! కండ నెల తిరిగేసరికి వొచ్చేస్తాది. బొమిక అలాగ గాదు, ఎనకాల నడిసి వొస్తాది. కండకి బలవొచ్చి, బొమిక ఇంకా పలసనుందనుకోండి, ఆ కండే దాన్ని ఇరిసీగలదు. తవరి అదురుష్టం, ఇరగనేదు."

"ఇప్పుడేం చెయ్యాలి? మళ్ళీ కట్టేద్దామా?"

"కట్టకండి! అదొక్కటీ సెయ్యకండి. కాయలు దించీయండి, నడక ఆపకండి. ఏడి తగ్గినాక మళ్ళీ పది కాయలకాడి నుంచి ఎత్తుకోండి."

నన్ను అలా కేకలేసినవాడు మా నాన్నగారి తరవాత అతనే. అత్త తలుపు చాటునుంచి విని, నన్ను రక్షించడానికి రాకపోగా అతనికి ఒక చెంబుడు మజ్జిగ పంపింది.

పది కాయల నుంచి మళ్ళీ మొదలు. సంబరానికి మూడు నెలలు. ఎక్కడిదాకా ఎక్కగలమో రోజూ వేళ్ళ మీద లెక్క వేసుకునేవాణ్ణి. అయితే ఆ లెక్కలో ఒక పెద్ద అంకె నాకు తెలియదు. అసలు గుర్రం మోయవలసింది కాయల్ని కాదు, నన్ను. నేనెన్ని కాయలు?

ఆ ప్రాంతంలో మనిషిని తూచగల త్రాసు ఒక్కటే ఉంది. అది మా బావ కొట్లో ఉంది. చైత్రంలో ఒక రోజు సంబరానికి వేసుకునే జరీ కోటు, బూట్లు తొడుక్కుని, తాతగారి కత్తి కట్టుకుని, వెండి తాపడం జీనును ఒక కూలీ చేత మోయించుకుని పూండి వెళ్ళాను. నడిచే వెళ్ళాను. మా బావ కొట్టు అరుగు మీద నిలబడి నన్ను ఎగాదిగా చూశాడు.

"యుద్ధవేటి బావా?"

"తూచాలి," అన్నాను.

"ఏటి?"

"నన్ను."

అతను నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి గోడ వైపు తిరిగాడు, అంతే. పెద్ద త్రాసు తట్టలో నేను కూర్చున్నాను, ఒళ్ళో జీను పెట్టారు. రెండో తట్టలో తనే స్వయంగా కాయలు వేశాడు. స్టేషనులో బండి కోసం వచ్చినవాళ్ళంతా చుట్టూ మూగారు. ఎనభై కాయల దగ్గర నేను నేల వదిలాను. జీను, కత్తి, కోటు, బూట్లు తీసేసి మళ్ళీ తూస్తే డెబ్బై.

"ఒట్టి బావ డెబ్బై, గౌరవం పది," అన్నాడు మా బావ అందరికీ వినబడేలా.

ఎముకల వ్యాపారి అక్కడే గూడ్సుకు బుట్టలు ఎక్కిస్తున్నాడు. దగ్గరికి వెళ్ళి అడిగాను. సంబరం నాటికి గుర్రం ఎన్ని కాయలు మోయగలదు?

వేళ్ళు ముడిచి ఆలోచించాడు. "అరవై నాలుగు. ఆపైన నాను పూచీ గాదు."

మిగిలినవి ముప్పై మూడు రోజులు. ఆరు కాయల మనిషిని నాలోంచి తగ్గించాలి. అత్త నా కంచంలో నెయ్యి ఆపేసింది. నేను రోజుకు రెండుసార్లు సముద్రం దాకా నడిచాను. రెండోసారి గుర్రం కూడా లేకుండా, ఒంటరిగా, పట్టపగలు నడిచేవాణ్ణి. మొదట్లో నన్ను చూసి లేచి నిలబడేవాళ్ళు పది రోజులకు లేవడం మానేసి పలకరించడం మొదలుపెట్టారు. "తిన్నారా బాబూ?" "ఎండగుంది బాబూ, తాటిముంజెలు తిని ఎల్లండి." అదివరకు గుర్రం మీంచి నాకు వాళ్ళ తలపాగాలే కనిపించేవి. ఇప్పుడు మొహాలు తెలిశాయి.

సంబరం ముందు రోజు మళ్ళీ త్రాసెక్కాను. పంచె, తలపాగా, నేను. సరిగ్గా అరవై నాలుగు.

"మరి జీను?" అన్నాడు మా బావ. ఈసారి వేళాకోళం లేదు గొంతులో.

"ఇంట్లో ఉంటుంది."

"కత్తి లేకుండా ఎలాగ బావా? కత్తి ముందుండాల గదా?"

దానికి జవాబు అత్త దగ్గర ఉంది. మరునాడు ఉదయం తాతగారి కత్తిని పట్టుగుడ్డలో చుట్టి, రెండు చేతులా నిలువుగా పట్టుకుని, గుర్రానికి ముందు ఆవిడే నిలబడింది.

"నువ్వు నడుస్తావా అత్తా? కోసెడు దూరం?" అన్నాను.

"నాకేటిరా? ఇనుము," అంది.

గడప మీంచి నేను గుర్రమెక్కాను. జీను లేదు, మడిచిన గొంగడి ఒకటే. కోటు లేదు, బూట్లు లేవు. తలపాగా, పంచె, వెన్నెముక. డప్పులు మోగాయి. తప్పెటగుళ్ళవాళ్ళు గెంతారు. ముందు కత్తితో మా అత్త, వెనక నేను, నా వెనక ఘటాలెత్తుకున్న ఆడవాళ్ళు. పక్కగా మా బావ తన తట్టుకు జీను కట్టి, మెడకు గంటలు కట్టి, కళ్ళెం పట్టుకుని నడుస్తున్నాడు. ఎందుకైనా మంచిదని.

ఊరు దాటేవరకు బాగానే జరిగింది. తీరానికి దిగే చోట దారి పొడవునా మెత్తటి ఇసక. గట్టి ఇసక మీదికి చేరడానికి ఇరవై బారలు దాటాలి. సగం దూరంలో వెనక కుడిగిట్ట దిగబడింది. గుర్రం ఆగిపోయింది. కాలు పైకి లాగి, నేల మీద పెట్టకుండా గాలిలో పట్టుకుంది. అచ్చం మాఘంలోలాగే.

డప్పులు ఆగాయి. దిగిపోతే కాలికి బరువు తప్పుతుంది, హక్కు పోతుంది. దిగకపోతే ఆ కాలు ఏమవుతుందో నేను చేతులతో తూచి చూసినవాణ్ణి. నేను దిగడానికే సిద్ధపడ్డాను. ఇది ఈనాడు గొప్పకు రాస్తున్నది కాదు. ఒక కాలు అప్పటికే ఇవతలికి తిప్పేశాను.

తీరం గట్టు మీద, గుంపుకు దూరంగా, సరుగుడు చెట్ల కింద ఎముకల వ్యాపారి నిలబడి ఉన్నాడు. మిషను గుడి మనిషి గనుక అమ్మవారి ఊరేగింపులోకి రాడు. కాని ఆ రోజు అతను కావిడి ఎత్తలేదు. తెల్ల చొక్కా వేసుకుని, నన్ను గాని కత్తిని గాని చూడకుండా, గుర్రం కుడికాలినే చూస్తున్నాడు. నేనతని వైపు చూశాను. అరచెయ్యి వెల్లకిలా పెట్టి, అందులో ఏదో పెట్టి తూచినట్టు, నెమ్మదిగా కిందికీ పైకీ ఆడించాడు. ఆగమని. కాలి సంగతి కాలికి వదిలెయ్యమని.

నేను తిప్పిన కాలు వెనక్కి తిప్పి సర్దుకు కూర్చున్నాను. గుర్రం ఒకసారి ముక్కు చీదింది. గాలిలో ఉన్న గిట్టను కిందికి దించింది. ముందు కొస, తరవాత మొత్తం గిట్ట, తరవాత నా అరవై నాలుగు కాయల బరువులో దాని వంతు బరువు. కాలు నిలిచింది. ఇంకో అడుగు వేసింది, ఇంకొకటి వేసింది. గట్టి ఇసక మీదికి రాగానే దానికి రోజూ వచ్చే చోటు అదేనని తెలిసిపోయింది. ఆ తరవాత డప్పులవాళ్ళే దాని వెంట పరుగెత్తవలసి వచ్చింది. అత్త కత్తితో పాటు పక్కకు తప్పుకుని, "ఒరే, నన్ను తొక్కించీకురా!" అని అరిచింది.

గుడి ముందు దిగి, గుర్రం మెడ మీద మొహం ఆనించాను. మా బావ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"నా తట్టుకి రెండు నెలలు ఊరికే బెల్లం పెట్టించీసేను బావా," అన్నాడు.

తిరుగుదారిలో గుర్రం ఎక్కలేదు. దాని పక్కనే నడిచాను. నా పక్కన మా బావ నడిచాడు, అతని పక్కన గంటలు మోగించుకుంటూ ఆ తట్టు. ఆ మరుసటి వారం నుంచి మా కాయలు సముద్రం చూడడం మానేసి పూండి స్టేషను చూశాయి. బరువైనా సరుకైనా గుర్రం కాలికి ఒకటేనని అప్పటికి నాకు నమ్మకం కుదిరింది. అత్త నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అయిదో రోజు ఇంకో పది కాయలు ఎందుకు వెయ్యలేదని అడిగింది.

గుర్రం ఆ తరవాత పదకొండు సంబరాలు నడిచి, ముసలితనంతో పోయింది. తోటలోనే పాతిపెట్టాం. మూడేళ్ళకు అక్కడ మొక్కలు వేస్తుంటే ఎముకలు బయటపడ్డాయి. వెనక కాళ్ళ ఎముకలు రెండూ నేనే కడిగి, గుడ్డలో చుట్టి ఉంచాను. అప్పటికి ఎముకల వ్యాపారి బాగా ముసలివాడయ్యాడు, కావిడి బదులు ఒక్క బుట్ట నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నాడు. వరండాలో కూర్చోబెట్టి ఎముకలు అతని ముందు పెట్టాను.

"ఇవి అమ్మకానికి కావు," అన్నాను.

"తెల్సు బాబూ," అన్నాడు. కళ్ళు మూసుకుని చెరో చేతిలో పట్టుకున్నాడు. ఒకదాని తరవాత ఒకటి మెల్లగా పైకీ కిందికీ ఆడించాడు. "కుడిది తేలిక. ఎక్కువ గాదు. గుప్పెడు ఉప్పంత."

నేను తీసుకుని చూశాను. నాకు ఏ తేడా తెలియలేదు. చేతులు మార్చి చూసినా తెలియలేదు. అతను నవ్వాడు.

"పదిహేనేళ్ళనాడు గేటుకాడ ఆ ఎద్దు బొమికలు తవరు పట్టుకున్నప్పుడు వెంటనే తెలిసిపోనాది గదా బాబూ? ఇప్పుడు తెలవనేదంటే, బాగానే కట్టుకున్నాది."

ఎముకల్ని మళ్ళీ తోటలోనే పెట్టేశాం. అతను బుట్ట ఎత్తుకుంటూ పూండి బండికి వేళయిందన్నాడు. నాకు స్టేషనులో పనేమీ లేదు. అయినా కర్ర తీసుకుని అతనితో పాటు నడిచాను.